పాత టెలివిజను పెట్టెలు

తపాలా బిళ్ళలను, నాణెములను ప్రోగుచేయువారిని మీ రెరుగుదురు. నేను ప్రోగుచేయునవి వానికంటె బరువైనవి. పాత టెలివిజను పెట్టెలు మా యింటి వెనుక గదిలో పదునొకండు గలవు. వానిలో ఆరింటికి మాత్రమే ప్రాణ మున్నది. తగరపువలస బజారులోని పాత యినుప సామానుల కొట్టులలో కొన్ని, చిట్టివలస జూటుమిల్లు 2009లో మూతపడిన పిదప ఊరు విడిచిన కుటుంబములవారి యొద్ద కొన్ని లభించినవి. కొట్టువాడు వానిని తూకముచొప్పున నమ్మును. అతని లెక్కలో చెక్కకు వెల లేదు, గాజునకు వెల లేదు, లోని రాగితీగకే వెల. ఆ రాగికై సుత్తితో గాజును పగులగొట్టుట యొకసారి చూచినవారికి నా యీ వ్యసనము వింతగా దోపదు.

ఈ పెట్టెల మర్మమంతయు చిత్రనాళికయం దున్నది. మెకానిక్కులు దీనిని పిక్చరు ట్యూబందురు. 1897లో జర్మనీ దేశస్థుడగు ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన నాళికయే దీనికి మూలము. ఇది గాలి తీసివేసిన పెద్ద గాజుబుడ్డి. దాని మెడలో సన్నని తంతువు కాగి కేథోడును వేడిచేయగా, ఎలక్ట్రానులు వెలువడును. పదివేల వోల్టులకు మించిన విద్యుత్పీడనము వానిని ముందునకు లాగి, తెర లోపలి పూతకు తాకించి మెరపించును. మెడచుట్టు నున్న తీగచుట్టలు ఆ కిరణమును ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి నడపును. బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అనగా సెకనుకు 15,625 గీతలు. ఆ వేగమున కంపించు ట్రాన్సుఫార్మరు సన్నని యీల వేయును. మా యింటికి వచ్చు పిల్లలు అది విని చెవులు మూసికొందురు. నాకు వినబడుట మాని చాల యేండ్లయినది గనుక, ఈల వచ్చుచున్నదా యని వారినే యడుగుచుందును.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో మొదలయ్యెను. ఆంధ్రప్రదేశపు పల్లెలకు అది వచ్చినది 1975 ఆగస్టు 1న ఆరంభమైన ఉపగ్రహ ప్రయోగముతో. ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములలో కోళ్ళగూటి వలతో చేసిన పది యడుగుల గిన్నెలను నిలిపి, ఏటీఎస్-6 ఉపగ్రహము నుండి బొమ్మను దింపిరి. అందుకు వలసిన పెట్టెలను చేసినది హైదరాబాదులోని ఈసీఐఎల్. 1967లో ఆ సంస్థను నెలకొల్పిన ఏ.ఎస్. రావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించినవారు. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసెను. మా విశాఖ తీరమున ఇంటింట బొమ్మ కనబడుసరికి 1980వ దశకము వచ్చెను. అప్పటికి వాల్వుల కాలము గతించి ట్రాన్సిస్టరులు వచ్చినవి గనుక, ఇచ్చట దొరకు పెట్టెలలో పాతకాలపు గాజు చిత్రనాళిక యొక్కటే.

భీమునిపట్నపు ఉప్పుగాలి ఈ పెట్టెలకు మొదటి శత్రువు. ఇనుప చట్రము పొట్టులు లేచి, టంకములు విడిపోవును. రెండవ శత్రువు కాలము. కండెన్సరులలోని ద్రవము ఎండిపోవును. అటక దిగిన పెట్టెను తిన్నగా కరెంటునకు తగిలించువాడు దానిని చంపినవాడే. నేను నూరు వాట్ల సీరీసు బల్బు ద్వారా కరెంటు నిత్తును. బల్బు ధగధగ వెలిగి అట్లే నిలిచినచో లోపల ఎచ్చటనో షార్టు గలదు. విద్యార్థులారా, ఇది చదివి ఇంటిలోని పెట్టె మూత విప్పబోకుడు. తీగ లాగివేసిన తరువాత కూడ నాళికలో విద్యుత్తు దాగియుండును. దానిని భూమికి దింపుట తెలియని చేయి అందు దూరరాదు.

ఇంతచేసి వెలిగించినను అందు చూచుట కేమున్నది? దూరదర్శన్ పాతపద్ధతి ప్రసారయంత్రములు, కొన్ని తప్ప, 2022 నాటికి మూతబడినవి. ఇంటికప్పుపై కాకులు వ్రాలిన అల్యూమినియపు టాంటెన్నా నిప్పుడు ఏ దిక్కునకు త్రిప్పినను ఇసుక రాలినట్లు చుక్కలే. కనుక చిన్న మాడ్యులేటరు పెట్టెద్వారా పాత సినిమా నొకదానిని తీగవెంట పంపుదును.

నాళిక కాయువు గలదు. వెలిగినంతసేపు కేథోడు పూత తరుగుచునే యుండును. తుదకు బొమ్మ మసకబారును. మన దేశమున వానిని చేసిన కర్మాగారములు మూతబడినవి గావున, వెలిగించిన ప్రతి గంటయు మరల రాని గంట. అందుచే కొందరు తమ పెట్టెలను వెలిగింపనే వెలిగింపరు. మరికొందరు లోని దంతయు పీకి, పలుచని క్రొత్త తెర నమర్చి, చెక్కకు వార్నీషు పూసి మురియుదురు. మొదటివారితో వాదింతును. రెండవవారితో మాటలాడను.

నిరుడు జూటుమిల్లు కార్మికుని భార్య యగు నొక వృద్ధురాలు మద్రాసులో తయారైన పెట్టెను రిక్షాలో తెచ్చినది. చెక్క తలుపులు, వానికి తాళము. 1987లో ఆదివారములందు రామాయణము చూచుటకు వీధివారందరు తమ వసారాలోనే కూర్చుండెడివారట. "బాబూ, ఇది మళ్ళీ ఎలుగుతాదా?" యని యడిగినది. వెనుక అట్ట విప్పగా, దాని లోపలివైపున ఆమె భర్త పెన్సిలుతో వ్రాసికొన్న వాయిదాల లెక్క కనబడెను. పదునెనిమిది వాయిదాలు, ప్రతిదాని ప్రక్కను ఒక టిక్కు.

నాలుగు దినములలో తక్కిన వన్నియు సరిపడినవి గాని, నాళిక అరిగిపోయినది. దానికి సరిపడు 20 అంగుళముల నాళిక నా యొద్ద నొకటే యున్నది. అది నా ఈసీటీవీ పెట్టెలోనిది. ఒక్క మరయు మారని పెట్టె యది. దానిని నేను కొన్ని నిమిషములకు మించి యెన్నడును వెలిగింపలేదు. నాతోడి సంగ్రాహకులు వలదనిరి. వారి మాటయు న్యాయమే. అటువంటిది మరల దొరకదు. వారము దినములు తూచి, ఎనిమిదవనాడు దానిని విప్పితిని.

ఆ సాయంకాలము ఆమె పెట్టెలో మాయాబజార్ ఆడినది. ఆమె సినిమాను కొంతసేపే చూచి, వెనుకకు పోయి, అట్టపైని లెక్క చెరిగిపోలేదు గదా యని విచారించినది. చెరుగలేదంటిని. ఇప్పుడు ఆదివారము నొక గంట వెలిగించి తాళము వేయుచున్నది.

నా ఈసీటీవీ పెట్టె ముఖము లేక గదిలో నున్నది. దానికి పట్టు 20 అంగుళముల నలుపు తెలుపు నాళిక మీలో నెవరి యటకపైనైన నున్నచో, సుత్తివాని కియ్యక, మా పత్రికవారి ద్వారా నాకు కబురంపుడు.