నాలుగో జ్వరానికి ఏ సినిమా?

"ఏమమ్మీ, నెట్‌ఫ్లిక్సూ గిట్‌ఫ్లిక్సూ అంటారే, ఏడాదికి ఒకేసారి కట్టేస్తే చౌకంట కదా? మా పెద్దోడు బెంగళూరు నించి ఫోన్ చేసి ఒకటే పోరు. కట్టేదా, వద్దా?"

గోడ అవతలి అక్క ప్రశ్న ఇది. డైరీలో పాలు పోసి వస్తా ఉంది, చేతిలో ఖాళీ క్యాను. సాదలిలో ఇట్లాంటివాటికి జవాబు చెప్పేవాళ్లకేం కరువు లేదు, స్మార్ట్ టీవీ కొన్న ప్రతివాడూ పండితుడే. నన్నెందుకు అడిగిందంటే, మా ఇంట్లో లెక్కలు రాసేది నేను.

"ధర తరువాత చెప్తా అక్కా. నెలలో ఎన్ని రాత్రులు నువ్వు టీవీ ముందర కుదురుగా కూర్చుంటావో అది చెప్పు ముందు."

"పురుగు ఇంటికొచ్చినాక నాకు రాత్రెక్కడిది, పగలెక్కడిది?"

అసలు సంగతి అక్కడే ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లోడికి శనివారం, ఆదివారం అని రెండుంటాయి. మా శిడ్లఘట్ట తాలూకాలో వారాలు పట్టుపురుగు చెప్పినట్టు నడుస్తాయి. జ్వరమంటే పురుగు పొర విడిచే ముందు పడుకునేది. రెండో జ్వరం దాటిన పురుగును, పిల్లపురుగులను పెంచే చాకి సెంటరు నించి తెచ్చుకుంటాము. మూడు నాలుగు దినాలు మేపితే మూడో జ్వరం. ఆ ఒక్క దినం అది తల పైకెత్తుకొని, ఆకు ముట్టకుండా పడుకుంటుంది. లేచినాక మళ్లీ నాలుగైదు దినాల మేత, ఆ పైన నాలుగో జ్వరం, ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు. అది కూడా లేచిందా, ఇంక ఇల్లు ఇల్లుగా ఉండదు. పురుగు పుట్టినప్పటి నించి తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లు ఆ చివరి ఏడెనిమిది దినాల్లోనే తింటుంది. కొమ్మలు కోసేది, మోసేది, పరిచేది, సందు దొరికితే ఇంత సంగటి ముద్ద మింగేది. మాగిన పురుగును చంద్రికలకెక్కించి, గూడు కట్టినాక అయిదారు దినాలకు విడిపించి మార్కెట్టుకు ఎత్తుకపోవాల. వచ్చి షెడ్డు కడిగి, బ్లీచింగు కొట్టి, మళ్లీ చాకికి చెప్పుకోవాల.

ఇందులో సినిమాకు దొరికే రాత్రులేవని ఇద్దరమూ గోడకు చెరో పక్క నిలబడి వేళ్లు మడిచినాము. మూడో జ్వరం రాత్రి ఖాయం. నాలుగో జ్వరం రాత్రి కూడా దొరుకుతుంది గానీ, ముందున్న వారం తలుచుకుంటే ఎవరైనా నిద్రే పోతారు. చంద్రికలకెక్కించినాక రెండు మూడు. గూడు అమ్ముకొచ్చిన రాత్రికైతే లెక్కే లేదు, తెల్లవార్లూ చూసినా అడిగేవాళ్లుండరు. మళ్లీ చాకి వచ్చేదాకా ఇంకొన్ని.

"అన్నీ కలిపినా సగం నెల కాదే! ఏడాదికి కట్టినామంటే సగం దుడ్లు పురుగే తినేసినట్టు," అనింది అక్క. "సరే, ఇప్పుడు ధర చెప్పు."

చెప్పినా. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో మన దేశానికి వచ్చినప్పుడు నెలకు 500 రూపాయల నించి మొదలు, పూర్తిగా పట్నంవాళ్ల సరుకు. 2021 డిసెంబరులో దిగొచ్చినారు. ఫోనులో మటుకైతే 149, టీవీలో ఒక తెరకు 199, ఒకేసారి రెండు తెరలకు 499. అమెజాన్ ప్రైమ్ ఏడాదికి 1,499, అందులో సామాన్లు తొందరగా పంపించేది కూడా కలిసుంటుంది. హాట్‌స్టారూ జియో సినిమా 2025 ఫిబ్రవరి 14న ఒకటైపోయి జియోహాట్‌స్టార్ అయినాయి. ఆ పొద్దు పెట్టిన రేటు, ప్రకటనలతో సహా రెండు తెరలకు, మూడు నెలలకు 299. ఇవేవీ రాతి మీద రాసినవి కావు, కట్టే దినం మళ్లీ చూసుకోవాల్సిందే. ప్రైమ్‌నే చూడండి, ఏడాదికని ముందే కట్టించుకున్నవాళ్లకు కూడా 2025 జూన్ 17 నించి సినిమా మధ్యలో ప్రకటనలు మొదలుపెట్టినారు. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699.

"ప్రకటన చూసేదానికి మనమే దుడ్లియ్యాల్నా?"

"కేబులోడికి ఇచ్చి ఇన్నేండ్లూ చూసింది అదే కదక్కా."

నవ్వింది. నాకు మాత్రం ఆ 699 దగ్గర చిరాకే. ముందు ఒక మాట చెప్పి సరుకు అమ్మి, సగంలో ఇంకో మాట చెప్పే అంగడికి ఏడాది దుడ్లు ముందే ఇచ్చేది నా చేత కాదు.

"అయినా మనమేల కట్టాల? వాడు బెంగళూరులో కట్టుకుంటాడు, మనం ఈడ చూస్తాం." అక్క దగ్గర ఇట్లాంటివి ఇంకా చాలా ఉంటాయి.

"నెట్‌ఫ్లిక్స్‌లో కుదరదక్కా. 2023 జూలైలో ఆపేసినారు. ఒక ఇంటివాళ్లకే."

"నా కొడుకు నా ఇంటివాడు కాదా?"

"వాళ్ల లెక్కలో ఇల్లంటే ఒకే ఇంటర్నెట్టు కింద ఉండేది."

"నెలనెలా రాగిపిండీ చింతపండూ మోసుకపొయ్యి ఇచ్చొచ్చేది నేను. ఇంటర్నెట్టు వచ్చి చెప్తాదా వాడిది వేరే ఇల్లని?"

దీనికి ఆ కంపెనీ దగ్గర కూడా జవాబుండదు.

ధర కన్నా పెద్ద చిక్కు భాషది. మన ఇళ్లల్లో మాట తెలుగు, బడి కన్నడ. అక్కావాళ్లింట్లోనే చూడండి, అత్తకు తెలుగు సీరియలు, బావకు కన్నడ వార్తలు, పాపకు కొరియావాళ్ల ప్రేమకథలు, చిన్నోడికి క్రికెట్టు. తెలుగోళ్లంటే ఆంధ్రా, తెలంగాణ దాటి ఉండరనుకున్నారో ఏమో, ఆహా 2020 ఉగాదికి తెలుగుతో మొదలై తరువాత తమిళం చేర్చుకుందే గానీ కన్నడను చేర్చుకోలేదు. ఈటీవీ విన్ కూడా తెలుగే. బాగేపల్లి, చింతామణి, సాదలి మాదిరి ఊళ్లకు పనికొచ్చేవి రెండు భాషల టీవీలూ ఒకే గొడుగు కింద ఉండేవి. జీ5లో జీ తెలుగూ జీ కన్నడా ఉంటాయి. సన్ నెక్స్ట్‌లో జెమినీ, ఉదయ. జియోహాట్‌స్టార్‌లో స్టార్ మా, స్టార్ సువర్ణ, వాటికి తోడు కలర్స్ కన్నడ. అంటే నాగార్జున బిగ్ బాసూ సుదీప్ బిగ్ బాసూ ఒకే తావ.

"రెండిళ్ల గలాటా ఒకే దుడ్లకా!" అక్క మొహం మొదటిసారి వెలిగింది.

అయినా ఒక్కటి కడితే సినిమాలన్నీ వచ్చేస్తాయని అనుకుంటే మోసపోతాము. ఆర్‌ఆర్‌ఆర్ సంగతే గుర్తు చేసుకోండి. 2022 మే 20న తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం జీ5కి పోయినాయి, హిందీ మటుకు నెట్‌ఫ్లిక్స్‌కు. ఒకే సినిమా, రెండు గల్లాపెట్టెలు. అదే ఏడాది కాంతార నవంబరులో ప్రైమ్‌కు వచ్చింది. ఏ సినిమా ఏ గుమ్మంలో దిగుతుందో ముందే చెప్పలేము. అందుకే మా ఇంట్లో క్యాలెండరు వెనకాల చూడాలనుకున్నవాటి పేర్లు రాసిపెడతాము. ఒకే యాప్‌లో రెండో మూడో జమైనాక, గూడు అమ్మినాక, ఆ ఒక్కదానికి ఒక్క నెల కట్టేది. థియేటరుకు వచ్చిన నాలుగు వారాలకో ఎనిమిది వారాలకో ఎట్లాగూ వస్తాయి. ఇంకో నెల ఆగినంత మాత్రాన కథ ఏమీ పాతబడదు, ఎవరు చచ్చిపోతారో చెప్పేసే చుట్టాలు ఉంటే తప్ప.

ఇంకొక్క సంగతి, ఇది మా ఆయనతో గొడవపడి నేర్చుకున్నది. నెల కట్టిన దినమే "రద్దు" నొక్కేయాలి. చాలావాటిలో రద్దు చేసినా కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడనిస్తారు. లేదంటే ఆటోపే అని నెలనెలా బ్యాంకులో నించి వాళ్లే లాక్కుంటారు. 2021 అక్టోబరు నించి రిజర్వు బ్యాంకు రూలు ఒకటి ఉంది, దుడ్లు తీసుకునే ఇరవై నాలుగు గంటల ముందు మెసేజి పంపాల్సిందే. పంపుతారు కూడా. నాలుగో జ్వరం లేచిన దినం వస్తే ఆ మెసేజి ఎవరు చూస్తారు?

ఫోను రీఛార్జితోనే సరిపెట్టుకుందామనేవాళ్లకు కూడా ఒక మాట. మామూలు బొమ్మకే గంటకు ఒక జీబీ దాకా పోతుంది, మంచి బొమ్మకు మూడు జీబీ. దినానికి ఒకటిన్నర జీబీ ప్యాకుతో మంచి బొమ్మను టీవీకి కలిపితే ఇంటర్వెల్ పడక ముందే చక్రం తిరగడం మొదలవుతుంది. కాబట్టి ఇంటికి ఫైబరు లైను ఉండి తీరాల, దాని నెల ఖర్చు కూడా సినిమా ఖాతాలోనే రాసుకోవాల. కొన్ని రీఛార్జిల్లో జియోహాట్‌స్టార్ కలిపే ఇస్తారు. ఇప్పటికే మన చేతిలో ఉన్నదానికి మళ్లీ కట్టేవాళ్లను మన వీధిలోనే చూసినా.

"క్రికెట్టు సంగతేందమ్మీ? చిన్నోడు నన్ను బతకనీడు."

ఐపీఎల్ 2023, 2024లో జియో సినిమాలో ఊరికే చూపించినారు, పిల్లోళ్లకు అలవాటు చేసినారు. 2025లో దుడ్లడిగినారు. ఆ ఏడే జూన్ 3న ఆర్‌సీబీ పద్దెనిమిదో సీజన్‌కు మొదటి కప్పు కొట్టింది, కాబట్టి కర్ణాటకలో ఎవడూ ఆ దుడ్ల గురించి ఏడ్వలేదు. చిన్నోడి గొడవ మార్చి ఆఖర్న మొదలై జూన్‌కు అయిపోతుంది. మూడు నెలల ప్యాకు దానికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. అన్నింట్లో నాకు సబబుగా తోచిన ఖర్చు ఇదొక్కటే, ఎందుకంటే ఎప్పుడు మొదలో ఎప్పుడు ఆఖరో ముందే తెలుసు.

విచిత్రం ఏమంటే, ఇంట్లో అందరికన్నా ఎక్కువసేపు టీవీ ముందర కూర్చునే ముసలివాళ్లకు ఇవేవీ అక్కర్లేదు. అక్కావాళ్ల అత్తకు యూట్యూబ్‌లో కైవారం తాతయ్య తత్త్వాలు పెడితే చాలు, సంగటి కూడా మరిచిపోతుంది. పాత ఎన్.టి.ఆర్., పాత రాజ్‌కుమార్ సినిమాలు అక్కడ కొల్లలు. ఎక్కువ చూసేవాళ్లకు ఖర్చు లేదు, వారానికొకసారి చూసేవాళ్లం మనమే దుడ్లు కట్టేది.

"థియేటరే మేలేమో," అనింది అక్క. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ."

నిజమే, 2023 జూన్ నించి శక్తి పథకంలో చిక్కబళ్లాపురం దాకా మనం టికెట్టు లేకుండానే పోతాము. కానీ మొగోళ్లకు బస్సు చార్జి, అందరికీ సినిమా టికెట్లు, ఇంటర్వెల్లో పిల్లోళ్ల నోళ్లు. అయిదుగురు పోతే ఒక్క ఆటకే చిన్న యాప్ ఒకటి నెలల తరబడి చూసేంత అవుతుంది. పండగకు ఒకసారి పోవాల్సిందే, కాదనను. ప్రతి సినిమాకూ మటుకు కాదు.

అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా అడిగింది. "మన ఊర్లో వీసీపీ తెచ్చేది గుర్తుందా నీకు?"

గుర్తు లేకుండా ఎట్లా? గణపతి పండగకు వీధంతా చందా వేసుకొని టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు బాడిగకు తెచ్చేవాళ్లు. తెలుగు రెండు, కన్నడ రెండు, లేకుంటే కొట్లాట. మూడో క్యాసెట్టుకు సగం వీధి చాపల మీద నిద్ర. నాలుగోది చూసినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు, దాని బాడిగ మటుకు అందరూ కట్టేవాళ్లు. ఏడాది ప్యాకు అంటే నాకు ఆ నాలుగో క్యాసెట్టే గుర్తొస్తుంది.

"అదే చెప్తా ఉండాను," అనింది అక్క, క్యాను గోడ మీద పెట్టి. "ఈ నెల నువ్వు కట్టు, వచ్చే నెల నేను. ఎవరింట్లో కడితే ఆడికే అందరమూ పొయ్యి కూర్చుందాం. తెర ఒకటి చాలు కదా?"

చాలు. 199 రూపాయల దానిలో ఉండేదే ఒక్క తెర. రెండిళ్లవాళ్లం దాని ముందర కూర్చుంటే వద్దనేవాళ్లెవరు? ఇన్ని లెక్కలు నేను వేసినా ఈ ముక్క నాకు తట్టలేదు.

"ఎవరిది ముందు?"

"మీదే. మాకు పదో తేదీకి చాకి వస్తాది, నేను నెలాఖరుదాకా మనిషిని కాదు. సర్కారు గృహలక్ష్మి దుడ్లు పడితే పై నెల నాది."

"మీ మూడో జ్వరానికి మా ఇంటికి రా మరి. సినిమా నువ్వే చెప్పు."

"సినిమా ఏదైనా కానీ. మా నెల వచ్చినప్పుడు మీ ఆయనకు ఒక మాట చెప్పు, మా తావికి బీడీ కాల్చి వచ్చేది లేదు. టీవీ గోడకు ఆ పక్కే పురుగుల షెడ్డు. పొగాకు వాసన తగిలిన చేత్తో తలుపు తీసినా నా పంట పోతాది."

"మానుకోమంటే మానుకునే రకమా ఆయన?"

"అట్లయితే కిటికీ బయట నిలబడి చూడమను. సౌండు పెంచుతాలే."