చెప్పకూడనిది, చెప్పవలసినది

మా దిబ్బూరహళ్ళిలో రహస్యమనే మాటకు పెద్ద విలువ లేదు. ఎవరింట్లో ఏం వండారో వాసన పట్టి చెప్పే ఊరు మాది. శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్ళు ఎంతకు పోయాయో రైతు తిరిగివచ్చి బస్సు దిగకముందే అరుగుల మీద తెలిసిపోయేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ మూడింట్లోనూ ఒకరి సంగతి ఒకరు చెప్పుకుంటూ పెరిగినవాళ్ళం. అందుకే 1992లో బి.కాం. పట్టా పట్టుకుని బ్యాంకులో గుమాస్తాగా చేరిన రోజున, సంతకం పెట్టమని ఇచ్చిన ఒక కాగితం చూసి నాకు నవ్వొచ్చింది. ఖాతాదారుల వ్యవహారాలు ఎవరికీ చెప్పనని ప్రమాణం. చెప్పకుండా బతకడం ఎట్లాగో నాకప్పటికి తెలియదు.

ఆ నవ్వుకు రెండేళ్ళలో శిక్ష పడింది. నాకు కాదు, ఒకామెకు.

ఆమె రీలింగు షెడ్డులో పనిచేసేది. వేడినీళ్ళలో గూళ్ళు తిప్పి తిప్పి ఆమె వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉండేవి. వేలిముద్ర వేయిస్తే సిరా మరకే తప్ప గీతలు కనిపించేవి కావు. నెలకు 50 రూపాయలు రికరింగ్ డిపాజిట్టు కట్టేది. పాసుబుక్కు ఇంటికి తీసుకుపోకుండా షెడ్డులోనే ఎక్కడో దాచుకునేది. ఒకరోజు ఆమె మొగుడు కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"మా ఇంటిది ఏమన్నా దుడ్లు కడతా ఉందా సామీ? చూసి చెప్పు, నా పెండ్లామే గదా" అన్నాడు.

నేను లెడ్జరు తీసి, ఏదో మంచి మాట చెబుతున్నట్టుగా, "ఆమెకేమయ్యా, వెయ్యికి దగ్గరపడింది" అన్నాను.

వారం తిరగకుండా ఆమె వచ్చింది. ఒక చెంప వాచి ఉంది. ఖాతా మూసెయ్యమంది. డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే, "నేను మీకు మాత్రమే గదా సామీ చెప్పినాను" అంది. అంతే. తిట్టలేదు, ఫిర్యాదు చేయలేదు. బయట చెట్టుకింద నిలబడ్డ మనిషి చేతిలో ఆ డబ్బు పెట్టి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ మా బ్యాంకు మెట్లెక్కడం నేను చూడలేదు.

తరువాత ప్రమోషను పరీక్షలకు చదివినప్పుడు, 1924 నాటి టూర్నియర్ కేసు పాఠంగా వచ్చింది. ఇంగ్లండులో ఒక బ్యాంకు మేనేజరు తన ఖాతాదారు సంగతి అతని యజమానులకు చెప్పాడు, అతని ఉద్యోగం పోయింది. గోప్యత బ్యాంకు చేసే దయ కాదు, ఒప్పందంలో భాగమని కోర్టు చెప్పింది. చట్టం నిర్బంధించినప్పుడు, ప్రజలపట్ల బాధ్యత ఉన్నప్పుడు, బ్యాంకు తన ప్రయోజనం కాపాడుకోవలసినప్పుడు, ఖాతాదారు ఒప్పుకున్నప్పుడు, ఈ నాలుగు సందర్భాల్లోనే నోరు విప్పవచ్చు. మొగుడు అడగడం ఆ నాలుగింటిలో లేదు.

మనకు దగ్గరి కేసు మరొకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపు చట్టాన్ని సవరించింది. కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకుకు వచ్చి పత్రాలు తనిఖీ చేయవచ్చు, స్టాంపు చాలదనుకుంటే వాటిని స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకులు కోర్టుకెక్కాయి. కెనరా బ్యాంకు పేరుతో నడిచిన ఆ వ్యాజ్యంలో ఆ సెక్షను చెల్లదన్న హైకోర్టు తీర్పును 2004 నవంబరు 1న సుప్రీం కోర్టు ఖాయం చేసింది. ఒక మనిషి తన కాగితాన్ని బ్యాంకులో పెట్టినంత మాత్రాన దాని మీద అతని గోప్యత పోదని చెప్పింది. రీలింగు షెడ్డు ఆడమనిషి నాతో అన్నదీ ఆ మాటే. ఆమెకు సెక్షన్లు తెలియవు, అంతే తేడా.

ఇది చెప్పకూడనిదాని సంగతి. చెప్పవలసినదాని గురించి మా బ్యాంకుల్లో మరో నియమం ఉంది. చెక్కు తిప్పిపంపితే ఊరికే తిప్పిపంపలేం. నిలవ చాలదనో, సంతకం కలవలేదనో కారణం రాసిన చీటీ జతపరచాలి. ఎంత చిన్న ఖాతాదారైనా, ఎంత పనికిరాని చెక్కైనా, కారణం తెలుసుకునే హక్కు అతనిది.

మొన్న ఉగాదికి బెంగళూరు నుంచి మా అన్న కొడుకు వచ్చాడు. ఫోనులో తాను రోజూ చదివే పేజీ ఒకటి తెరవబోయాడు. ప్రభుత్వ ఆదేశాల మేరకు నిలిపివేయబడిందని ఒక వాక్యం వచ్చింది.

"ఎందుకు నిలిపారురా?"

"తెలీదు చిన్నాయనా. రాసినాయనకీ తెలీదంట."

"ఎవరి నడగాల?"

"అదీ తెలీదు."

నాకు చీటీ లేని చెక్కు గుర్తొచ్చింది. ఆ రాత్రి కూర్చుని నిబంధనలు చదివాను. ఐ.టి. చట్టంలోని 69ఏ సెక్షను కింద దేశ భద్రత, సార్వభౌమత్వం, శాంతిభద్రతలు వంటి కారణాలమీద కేంద్రం ఇంటర్నెట్టులో దేన్నయినా ఆపించవచ్చు. అందుకు 2009లో నియమాలు చేశారు. వ్యక్తికి 'లేదా' మధ్యవర్తి సంస్థకు నోటీసు ఇవ్వాలని 8వ నియమం. ఆ 'లేదా' దగ్గర నా కన్ను ఆగింది. కంపెనీకి నోటీసు పోతే చాలు, రాసినవాడికి తెలియనక్కరలేదన్నట్టు చదువుకోవచ్చు. ఆపైన 16వ నియమం, ఫిర్యాదులూ చర్యలూ అన్నీ గోప్యంగా ఉంచాలంటుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీం కోర్టు 66ఏ సెక్షనును కొట్టివేసింది గాని 69ఏ ను నిలబెట్టింది. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి గనుక వాటిని కోర్టులో ప్రశ్నించవచ్చునంది. కారణం రాస్తారు, నిజమే. కాని ఆ ఫైలు చూపకపోతే దాన్ని ప్రశ్నించేదెట్లా? ఇటువంటి ఆదేశాలను ప్రశ్నిస్తూ ట్విట్టర్ వేసిన పిటిషనును మన కర్ణాటక హైకోర్టు 2023 జూన్ 30న కొట్టివేసి, 50 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పడితే, పేజీ పోగొట్టుకున్న ఒంటరి మనిషి ఏ మెట్లెక్కుతాడు?

ఇంకోవైపు చూడండి. మన లెక్క మాత్రం బయట పెట్టాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశమిచ్చింది. వి.పి.ఎన్. సేవలమ్మేవాళ్ళు తమ ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, సేవ మానేసిన తరువాత కూడా అయిదేళ్ళు భద్రపరచాలి. వి.పి.ఎన్. అంటే మరేం లేదు, పోస్టుకార్డు రాసేచోట అంటించిన కవరు వాడటం. కవర్లు కొన్నవాళ్ళ జాబితా ఉంచమన్నారన్నమాట. కొన్ని కంపెనీలు ఆ జాబితా రాయలేక తమ సర్వర్లను దేశం నుంచి ఎత్తుకుపోయాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వచ్చిన చట్టమే, నోటిఫికేషను ఇచ్చి తన సంస్థలను దాని నుంచి మినహాయించుకునే వీలు ప్రభుత్వానికిచ్చింది.

దొంగను పట్టుకోవద్దని నేననను. మోసగాళ్ళ ఖాతాలు స్తంభింపజేసిన చేతులే ఇవి. టూర్నియర్ కేసులో మొదటి మినహాయింపే చట్టం. కాని మా బ్యాంకు నీతి ఏమిటి? ఖాతాదారు సంగతి దాచు, నువ్వు చేసిన పనికి కారణం చెప్పు. ఇప్పుడది తలకిందులైంది. పౌరుడి సంగతి తెరిచి ఉంది, ఏలికల కారణం మూసి ఉంది.

ఈ తలకిందులను సరిచేయమని అడిగినవాళ్ళలో మన రాష్ట్రం పెద్దమనిషి ఒకరున్నారు. హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీం కోర్టుకు వెళ్ళారు. ఆయన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. హక్కు మిగిలింది. దాన్ని రోజూ వాడుకోవలసింది మనమే.

నేను చేయగలిగినవి చిన్న పనులు. ఆధార్ జిరాక్సు అడిగినచోటల్లా ఇవ్వక, చివరి నాలుగంకెలే కనిపించేది ఇమ్మంటాను. వేలిముద్రకు తాళం వేసుకునే వీలుందని మా ఊరివాళ్ళకు చూపిస్తాను. మెసేజీలకు రెండువైపులా తాళమున్న యాప్‌నే వాడమంటాను. బ్యాంకు లాకరుకు మా తాళంచెవి ఒకటి, మీది ఒకటి. ఆ యాప్‌లో రెండు తాళాలూ మాట్లాడుకునేవాళ్ళవే, కంపెనీ దగ్గర ఏదీ ఉండదు.

నిరుడు మా బ్రాంచికి ఒకమ్మాయి వచ్చింది. ఖాతా ఆమెది, దానికి కట్టిన ఫోను నంబరు మొగుడిది. మా పల్లెల్లో ఇది చాలా ఇళ్ళలో ఉన్నదే. ఆమె రూపాయి వేసినా తీసినా మెసేజీ అతని జేబులో మోగుతుంది. నేను ముప్ఫయ్యేళ్ళ కిందట నోటితో చేసిన పని ఇప్పుడు యంత్రం చేస్తున్నది. తన నంబరు వేయించుకోవాలని ఆమె మెల్లగా చెప్పింది. కౌంటరులోని కుర్రవాడు, "ఎందుకమ్మా మార్చేది?" అని గట్టిగా అడిగాడు. నలుగురు తలలు తిప్పారు. ఆమె తలవంచుకుంది.

నేను నా కుర్చీలోంచి లేచి వెళ్ళాను.

"ఫారం ఇచ్చి సంతకం పెట్టించు నాయనా. కారణం రాసే గడి అందులో లేదు" అన్నాను.