బాటసింగారంలో ఒక ఉదయం

పిల్లలూ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డున పోతే బాటసింగారం వస్తుంది. కొత్తపేటలో ఉండిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021-22లో ఈ ఊరికి తరలివచ్చింది. మామిడి రోజుల్లో వెళితే పండ్ల వాసనే మీకు దారి చెబుతుంది!

అటువంటి రోజుల్లోనే ఒక ఉదయం నేను అక్కడ ఒక కమీషను కొట్టుకు వెళ్ళాను. రాత్రి గాలివానకు కరెంటు పోయి, లెక్కలు ఎక్కిస్తూండగానే కంప్యూటరు ఆరిపోయిందట. తెల్లవారి మీట నొక్కితే రోజూ వచ్చే బొమ్మ రాలేదు. నల్లని తెర మీద తెల్లని అక్షరాలు వచ్చాయి: డిస్కును తనిఖీ చేయబోతున్నాను, వద్దనుకుంటే ఏదైనా మీట నొక్కండి అని.

తక్‌పట్టీ కోసం ఒక రైతు కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకు తొందరపడి వేలు చాచాడు. గుమాస్తా చప్పున వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు నాయనా! దాని ఇల్లు అది చక్కబెట్టుకోనీ."

ఆ ఇల్లు తమాషా అయినది. మనం రాసిన లెక్క డిస్కులో ఒకేచోట ఉండనక్కరలేదు. ముక్కలు ముక్కలుగా, ఖాళీ ఉన్నచోటల్లా ఉంటుంది. ఏ ముక్క ఎక్కడున్నదో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. ముక్క రాసి, పట్టికలో ఎక్కించేలోపల కరెంటు పోయిందా, రెండింటికీ పొత్తు కుదరదు. ఒకే చోటు తమదని రెండు లెక్కలు అనవచ్చు. ఎవరికీ చెందని ముక్కలు మిగలవచ్చు. అందుకని కంప్యూటరు పని మొదలుపెట్టేటప్పుడు ఒక గుర్తు పెట్టుకుని, సరిగా ముగించినప్పుడు చెరిపేస్తుంది. తెల్లవారి ఆ గుర్తు అలాగే ఉంటే తనిఖీ మొదలవుతుంది. యూనిక్స్ కంప్యూటర్లలో, దిక్కులేని ముక్కలను ఉంచడానికి 'పోయినవి, దొరికినవి' అనే అర కూడా ఉన్నది.

పెద్ద డిస్కంతా వెతకాలంటే గంటలు పడుతుంది. దానికి మన వర్తకుల ఉపాయమే పనికివచ్చింది: ముందు చిట్టాలో రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కించడం! 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి., 2001 నుంచి లినక్స్ ఈ పద్ధతి పట్టాయి. కరెంటు పోతే చిట్టా చూసుకుంటే చాలు. చిట్టాతో తేలని చిక్కు వస్తే మాత్రం పూర్తి తనిఖీ తప్పదు. ఆనాడు కొట్టులో జరిగింది అదే.

చాలాసేపటికి లెక్కలు తెరుచుకున్నాయి. అన్నీ ఉన్నాయి, ఆ రైతు సరుకు తప్ప. అసలు డిస్కుకు చేరని లెక్కను తనిఖీ ఎక్కడినుంచి తెస్తుంది? రైతు జేబులోంచి తూకం చీటీ తీశాడు. వానకు తడిసి ఒక అంకె అలుక్కుపోయింది. ఒకటో, ఏడో తెలియలేదు.

"కొన్నవాళ్ళ లారీ ఇంకా కదలలేదు," అన్నాడు పిల్లవాడు.

ముగ్గురూ లేచి కాటా దగ్గరికి నడిచారు.