మా యద్దె యిల్లు

మేము రహమత్ నగరునకు కాపురము వచ్చి మూడేండ్లు దాటినది. అంతకుముందు వనస్థలిపురమున నుంటిమి. అక్కడ గాలి యుండెను, వెలుతురుండెను, అద్దెయు మా జీతమునకు లోబడి యుండెను. కాని మేము పాఠములు చెప్పు బడి జూబిలీ హిల్సు ప్రక్కన నున్నది. ఒక ఆటో, రెండు మెట్రో రైళ్లు. పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర. “జీతం కోసం వెళ్లి ప్రాణం దారిలో పారబోసి వస్తున్నారు” అని మా గృహిణి యొకనాడు విసిగి పలికినది. ఆ మాటతో ఇల్లు వెదకుట మొదలుపెట్టితిమి.

ఈ పేట నెఱుగనివారికి కొంత చెప్పవలెను. ఎగువన జూబిలీ హిల్సు. దిగువన రహమత్ నగరు, బోరబండ, యూసుఫ్‌గూడ, కృష్ణానగరు. ఆ కొండ యొకప్పుడు బండలకును ముండ్లపొదలకును ఆటపట్టు. 1970ల దశకమున అక్కినేని నాగేశ్వరరావుగారు అక్కడ అన్నపూర్ణా స్టూడియోను కట్టించిరి. చిత్రపరిశ్రమ క్రమముగా మదరాసు విడిచి వచ్చెను. వచ్చినవారిలో మేడలు కట్టగలవారు కొండమీద నిలిచిరి. దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, డ్రైవర్లు, ఒక్కనాటి వేషమునకై తెల్లవాఱకమునుపే కృష్ణానగరు కూడలిలో కాచుకొని యుండువారు క్రింద నిలిచిరి. పిమ్మట హైటెక్ సిటీ పెరిగెను. 2019 మార్చి 20న అమీరుపేటనుండి హైటెక్ సిటీకి మెట్రో నడచుట మొదలుకాగా, కొన్నాళ్లకు యూసుఫ్‌గూడ స్టేషనును మా సందులవారికి అందుబాటయ్యెను. పాత రేకుల యిండ్లు కూలినవి. అరువది గజముల నేలలో నాలుగేసి అంతస్తులు లేచినవి.

ఇచ్చటి సుఖము లేదని మే మనము. బడికి నడచి పోవుదుము. రాత్రి పదునొకండు గంటలకైనను ఇడ్లీబండివద్ద దీపము వెలుగుచుండును. షూటింగు ముగించుకొని వచ్చిన రాజభటులును, సగము గడ్డ మూడిన మహర్షులును ఆచ్చట టీ త్రాగుచుందురు. ఇంత వినోదము వనస్థలిపురమున నెక్కడిది?

దీనికి వెల: రెండు గదులకును వంటింటికిని నెలకు 13,000 రూపాయలు. రెండు నెలల యద్దె అడ్వాన్సు. మెయింటెనెన్సు 800. వేసవిలో ట్యాంకరు నీళ్లకు వంతు వేఱు. ఖాళీ చేయునాడు రంగుల పేర అడ్వాన్సులో నొక నెల యద్దె కోత. పత్రము పదునొకండు నెలలకే వ్రాయుదురు. ఏడాదికి మించిన అద్దెపత్రమును రిజిస్టరు చేయింపవలెనని 1908నాటి చట్టము చెప్పుచున్నది గనుక, అద్దెవాని పత్రమున పండ్రెండవ నెల యుండదు. అద్దెవానిని కాపాడుటకు 1960లో నొక చట్టము పుట్టినది గాని, 2005లో దానిని సవరించి, నగరములలో నెలకు 3,500 రూపాయలు మించిన యద్దె యిండ్లను దానినుండి తప్పించిరి. ఈ పేటలో 3,500కు మేడమీది రేకుల గదియు దొరకదు. అతిథి యనగా తిథి లేనివాడని మా గురువుగారు చెప్పెడివారు. అద్దెవానికి అయిదవ తేది యున్నది. ఇంటివానిని ఇంగ్లీషువారు భూమికి ప్రభువను నర్థము వచ్చు మాటతో పిలుచుట మాకు చదువుకొనునాడు అతిశయోక్తిగా తోచెను, ఇప్పుడు తోచదు.

మేము ఈ యిల్లు చూడవచ్చిన దినమున జరిగినది చెప్పకుండుటయే మేలని చాలనాళ్లనుకొంటిమి. గేటుకు టు-లెట్ బోర్డు వ్రేలాడుచుండెను. మేము మెట్లెక్కుచుండగా ఇరువదియైదేండ్ల యువతి యొకతె భుజమున సంచితో దిగివచ్చుచుండెను. చిత్రములలో మేకప్ పనివారికి సహాయురాలని తరువాత తెలిసినది. “ఇల్లు అయిపోయిందంట సార్, ఎక్కుడు దండగ” అనెను. ఇంత దూరము వచ్చితిమిగదా యని యెక్కితిమి. ఇంటాయన తాళపుచెవులు చేత పట్టుకొనియే యుండెను.

“ఏం చేస్తుంటారండీ?”

“బడిపంతుల్నండీ.”

“చాలా సంతోషం. మీరెవరండీ?”

“సంస్కృతం, ఇంగ్లీషు చెప్తాను.”

“అది కాదండీ, మీరెవరు?”

“నేను, మా ఆవిడ, మా అమ్మాయి.”

“అయ్యో, అది కాదు మేష్టారూ!”

ఆయన నవ్వుచునే యుండెను. తాళపుచెవులు వ్రేలికొన నాడుచునే యుండెను. కులము మనుష్యులు కల్పించుకొన్నదని ఏటేట పిల్లలచేత వ్యాసము వ్రాయించు మేము, నాలుగవమాఱు అడుగకుండగనే చెప్పితిమి. తాళపుచెవులు మా చేతికి వచ్చినవి. ఆ పిల్లకు లేని యిల్లు మా కెట్లు ఉన్నదని యడుగుటకు నోరు రాలేదు. అడిగిన ఇల్లు పోవును. మూడు గంటల ప్రయాణము కన్నులయెదుట నిలిచెను.

ఆ యువతి మా వెనుకసందులోనే మేడమీద నొక రేకుల గదిలో 6,500 అద్దెకు దిగినది. ఒకరాత్రి ఇడ్లీబండివద్ద మమ్ము గుర్తుపట్టి, “మీకెట్ల ఇచ్చిండు సార్?” అని యడిగెను. “ఎవరో మానుకున్నారటమ్మా” అంటిమి. ఆమె నమ్మినట్లు తల యూచెను.

గత మాసమున క్రింది వాటా ఖాళీ యయ్యెను. ఇంటాయన మా యద్దె 1,500 పెంచునట్లు చెప్పి, “మీలాంటివాళ్లెవరైనా ఉంటే చూడండి మేష్టారూ” అనెను. ఆ సాయంకాలమే మేము ఆ యువతిని వెంటబెట్టుకొని పోయితిమి. ఆయన ఆమెను చూచి, “అయ్యో, నిన్ననే మాట ఇచ్చేశానమ్మా” అనెను.

“పొద్దున నన్నే మనిషిని చూడమన్నారు గదండీ” అంటిమి.

ఆయన ఆమెవంక చూడలేదు. “మీ అగ్రిమెంటు వచ్చే నెలతో అయిపోతుంది కదూ మేష్టారూ?” అని మమ్మడిగెను. ఆ పిల్ల చెప్పులు తొడుగుకొనుచు, “పదండి సార్, నాకు పొద్దుగాల నాలుగింటికి షూటింగుంది” అనెను. మెట్లు దిగునంతసేపు మే మిద్దఱమును మాటాడలేదు.

బోర్డు గేటుకు ఇంకను వ్రేలాడుచున్నది. మొన్న ఆదివారము వనస్థలిపురము పోయి యొక యిల్లు చూచి వచ్చితిమి. అద్దె 9,000, గాలి వచ్చును. మా గృహిణి మెట్రో వేళలన్నియు అడిగి వ్రాసికొనినదేగాని, ఔననియు కాదనియు చెప్పలేదు.