రెండు కార్డులు, ఒకటే గాలి

ప్యారడైజ్ మెట్రో దగ్గర దిగితే బిర్యానీ వాసన ఒకవైపు లాగుతుంది. దాన్ని తట్టుకుని పార్క్‌లేన్ వైపు నడిస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆ పూర్తి పేరు పలికేవాళ్లు తక్కువ. అందరికీ అది సీటీసీ. కంప్యూటర్ కొనాలన్నా, బాగు చేయించాలన్నా, పాతది అమ్ముకోవాలన్నా జంటనగరాల్లో చాలామంది దారి ఇటే.

మేము మాత్రం ఆటోలో వచ్చాం. పాతిక కిలోల క్యాబినెట్‌తో మెట్రో మెట్లు ఎక్కలేం కదా! అది మా బాబాయి కొడుకుది. పగలు బిల్డర్లకు త్రీడీ వాక్‌త్రూలు చేస్తాడు, రాత్రి అదే సిస్టమ్‌లో గేములు ఆడతాడు. అందులో ఆర్‌టీఎక్స్ 3090 కార్డులు రెండు. మే ఎండలు ముదిరేసరికి రెండరింగ్ సగంలోనే ఆగిపోతోంది. సోమవారానికి వీడియో ఇవ్వకపోతే డబ్బులు రావు. ఈఎంఐ మాత్రం ఆగదు.

లోపల వరండాల నిండా అట్టపెట్టెలు, వైర్ల చుట్టలు, బేరాలు. రిపేరు షాపు కుర్రాడు సైడు ప్యానెల్ తీసి చూసి, దేవుడి పటం ముందున్న అగరుబత్తి తెచ్చాడు. క్యాబినెట్ ముందు పట్టుకుంటే పొగ నెమ్మదిగా లోపలికి పోయింది. రెండు కార్డుల మధ్యకు వచ్చేసరికి అక్కడే సుడి తిరిగింది.

"చూసినవా అన్నా, గాలికి తొవ్వ లేదు."

టవర్ క్యాబినెట్‌లో మామూలుగా కార్డు ఫ్యాన్లు కిందికి చూస్తుంటాయి. అంటే పై కార్డు పీల్చేది కింది కార్డు వేడెక్కించిన గాలినే. పైగా 3090కి వీపు మీద కూడా మెమరీ చిప్పులుంటాయి. ఆ వీపు వేడంతా సూటిగా పైదాని ఫ్యాన్లకే తగులుతుంది. రెండింటి మధ్య సందు వేలెడంత కూడా లేదు.

"లిక్విడ్ కూలింగ్ పెట్టించేద్దామా?" అన్నాడు మావాడు.

"నీళ్లు పెట్టినా ఆఖరికి వేడిని బయట పడేసేది గాలే గదా! ముందుగాల తొవ్వ ఇద్దాం."

రెండో కార్డును అన్నిటికన్నా కింది స్లాట్‌లోకి దించాడు. ఆ స్లాట్ కాస్త స్లో. గేములు దెబ్బతింటాయేమోనని మావాడి బెంగ. ఒకప్పుడైతే నిజమే. 2004లో ఎన్విడియా ఎస్‌ఎల్‌ఐ తెచ్చాక ఒకే గేమును రెండు కార్డులు పంచుకునేవి. ఇప్పుడు కొత్త గేములు దాదాపు అన్నీ ఒక్క కార్డు మీదే నడుస్తాయి. 2022లో వచ్చిన 4090కి కార్డుల్ని కలిపే కనెక్టరే లేదు. రెండరింగ్‌లోనేమో సీన్ ఒకసారి లోడైతే ఎవరి వాటా వాళ్లు చేసుకుపోతారు.

తర్వాత ముందున్న గాజు ప్యానెల్ తీసి జాలీది పెట్టాడు. దుమ్ము పట్టిన ఫిల్టర్ కడిగాడు. ముందు మూడు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి, పైన ఒకటి బయటికి. చివరగా సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కార్డు కరెంటు వాడకాన్ని 350 వాట్ల నుంచి 280కి తగ్గించాడు. గంట పనికి నాలుగైదు నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే. 86 డిగ్రీలు తాకే పై కార్డు 74 దగ్గర నిలబడింది.

ఇంకో సంగతి. కార్డులు తాగిన కరెంటంతా చివరికి గదిలో వేడే. ఇంతకుముందు రెండూ కలిసి 700 వాట్లు, అంటే ఒక టన్ను ఏసీ సామర్థ్యంలో అయిదో వంతు. గది 40 డిగ్రీలుంటే ఎంత గొప్ప ఫ్యానైనా కార్డును అంతకంటే చల్లబరచలేదు. అందుకే తలుపులు బిగించుకుని కూర్చోకండి. నీళ్ల కూలర్‌ను మాత్రం సిస్టమ్ వైపు తిప్పొద్దు, ఆ తేమ బోర్డులకు మంచిది కాదు.

సోమవారం వీడియో టైముకే వెళ్లింది. ఫ్యాన్లు, జాలీ, మజూరీ అన్నీ కలిపినా లిక్విడ్ కూలింగ్ ఖర్చులో పావు వంతు కాలేదు. మీ పీసీ కూడా ఉడికిపోతోందా? కొత్త పార్టుల లిస్టు రాసుకునే ముందు ఒక్క అగరుబత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో చూడండి.