బాలు గారు, మైకు అవతల

పాత ‘పాడుతా తీయగా’ ఎపిసోడ్లు చూస్తూ కూర్చున్నాను. ఈటీవీలో ఆ పాటల పోటీ కార్యక్రమం 1996లో మొదలైంది. దాన్ని నడిపిన గాయకుడు బాలు గారికి, అంటే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి, అప్పటికి యాభై ఏళ్ళు. పాడటం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు. ‘తూర్పు వెళ్ళే రైలు’, ‘మయూరి’, ‘పడమటి సంధ్యారాగం’ లాంటి సినిమాలకు సంగీతం కూడా ఇచ్చేశారు. ఆ దశలో టీవీకి వచ్చి, ఊరూ పేరూ తెలియని పిల్లల పాట వినడానికి కూర్చోవడం చిన్న విషయం కాదు.

పాట అయ్యాక ఆయన చేసేది చూడండి. ముందు రాసిన కవి పేరు, బాణీ కట్టినవారి పేరు. ఆ తర్వాతే పాడిన పిల్ల సంగతి. ‘ళ’ని ‘ల’గా పలికిందనుకోండి, వదిలిపెట్టరు. ఆ ముక్క తను పాడి చూపించి, నవ్విస్తూనే దిద్దుతారు. బాగా పాడితే మాత్రం చిన్నపిల్లాడిలా మురిసిపోతారు. వెనక ఫ్లూటో తబలానో వాయించినవాళ్ళకీ మెచ్చుకోలు అందాల్సిందే. ఇప్పుడైతే యాంకర్ వేరు, జడ్జీలు వేరు. ఆ రెండు పనులూ ఆయన చేసేవారు, పైగా గురువు పని అదనం.

తనకు తొలి అవకాశమిచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణి గారిని ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. తన స్టూడియోకి ఆయన పేరే పెట్టుకున్నారు. కొత్త గొంతుల మీద బాలు గారికున్న ఆ ప్రేమ అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

2020లో బాలు గారు పోయాక ఆయన కొడుకు చరణ్ ‘పాడుతా తీయగా’ కార్యక్రమాన్ని కొనసాగించడం నాకు చాలా సంతోషం. మీ ఇంట్లో పాడే పిల్లలుంటే పాత ఎపిసోడ్లు చూపించండి. పాట అవగానే ముందుకు జరపకండి, ఆయన మాటలూ విననివ్వండి.