కంటిలో నలుసు

నేను పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. అయినా ఎక్కడైనా సుత్తి దెబ్బ వినబడితే నా చూపు ముందు ఆ పనివాడి కళ్ల మీదికే పోతుంది. ఇందుకు కారణం ఒకప్పుడు నేను చేసిన పొరపాటు.

అప్పట్లో ఒక చిన్న పట్టణంలో వైద్యం చేసేవాడిని. ఒకనాటి సాయంత్రం లారీ షెడ్డులో పనిచేసే కుర్రవాడు వచ్చాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టును ఉలి పెట్టి కొడుతుండగా కంటిలో ఏదో చురుక్కుమన్నదట. "ఇప్పుడు నొప్పి లేదు డాక్టరు గారూ, మా మేస్త్రి చూపించుకోమంటే వచ్చాను" అన్నాడు. టార్చిలైటు వేసి చూశాను. కన్ను కొంచెం ఎర్రబడింది, నలుసేమీ కనబడలేదు. చుక్కల మందు రాసి, "కంగారేమీ లేదు బాబూ" అని పంపేశాను. ఏ పని చేస్తుండగా తగిలిందో విన్నాను గాని, దాని అర్థమేమిటో ఆలోచించలేదు.

కొన్ని వారాలకు అతడు తిరిగి వచ్చాడు. ఆ కంటికి అంతా మంచు కమ్మినట్లు ఉందన్నాడు. ఎక్స్‌రే తీయిస్తే కనుగుడ్డు లోపల చిన్న ఇనుప ముక్క! నగరంలో శస్త్రచికిత్స చేసి దానిని తీశారు గాని, పోయిన చూపు తిరిగి రాలేదు.

ఇనుము మీద ఇనుముతో కొట్టినప్పుడు ఎగిరే పెచ్చు, రెప్ప వాలేలోగానే గుడ్డును చీల్చుకొని లోపలికి దిగుతుంది. సన్నని గాయం కనుక తనంతట తానే మూసుకుపోవచ్చు, నొప్పీ తగ్గవచ్చు. లోపల ఉండిపోయిన ఇనుము మాత్రం నెమ్మదిగా కంటిని పాడుచేస్తుంది. కనుక నొప్పి లేదని ఊరుకోరాదు. కంటిని నలపరాదు, నొక్కరాదు. అదే రోజు కంటి వైద్యునికి చూపించి, చేస్తున్న పని ఏమిటో తప్పక చెప్పాలి. ఇనుము ఉన్నదన్న అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. తీయించరాదు, దాని అయస్కాంతం ముక్కను కదిలిస్తుంది.

సున్నం గాని, ఆసిడ్ గాని పడితే పద్ధతి వేరు. ఆసుపత్రికి పరుగెత్తే ముందే, అక్కడికక్కడే శుభ్రమైన నీటితో 15 నిమిషాలకు తక్కువ కాకుండా కడగాలి.

చలువ కళ్లద్దాలు గాని, చూపు కోసం పెట్టుకొనే కళ్లజోడు గాని ఇటువంటి పనులకు చాలవు. పక్కలు కూడా మూసి ఉండే పాలీకార్బొనేట్ అద్దాలు కావాలి. వెల్డింగ్ చేసేవారికే కాదు, పక్కన పట్టుకొని నిలబడే సహాయకునికి కూడా దానికి తగిన నల్లని అద్దం ఉండాలి.

ఆ కుర్రవాడు తరువాత సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. ఒకసారి వెళితే, గోడకు మేకులు కొట్టి వరుసగా రక్షణ అద్దాలు తగిలించి ఉన్నాయి. "చెమటకు మసకబారతాయని పిల్లలు పెట్టుకోరండీ. అప్పుడు నా కన్ను చూపిస్తాను" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆనాడే ఎక్స్‌రే తీయించి ఉంటే కొంత చూపైనా దక్కేదేమోనని అతనితో చెప్పే ధైర్యం నాకు ఇంతవరకు కలగలేదు. కనీసం మీకైనా చెప్పాలనిపించింది.